ఆర్మీ అధికారి నౌకాదళంలోనో వాయుసేనలోనో పనిచేసి వస్తే పదోన్నతికి నష్టమా?

ఆర్మీలో మేజర్‌గా ఉన్న మీకు నౌకాదళ కార్యాలయంలో మార్పిడి పోస్టింగ్ ప్రతిపాదన వచ్చిందనీ, వెళితే కర్నల్ పదోన్నతి దెబ్బతింటుందేమోనని, అక్కడ చేసే పనికి విలువ ఉంటుందో లేదో తెలియడం లేదనీ రాశారు. నేను ఆర్టిలరీ, అంటే ఫిరంగి దళం నుంచి రిటైరైనవాడిని. ఒక వైమానిక స్థావరంలో గ్రౌండ్ లయజాన్ ఆఫీసర్‌గా, ఆ తరువాత నౌకాదళ కార్యాలయంలో ఉమ్మడి ప్రణాళికా విభాగంలో పనిచేశాను. నా అభిప్రాయంలో మీరు తప్పక వెళ్లవలసిందే, అయితే సొంత రెజిమెంటులో బ్యాటరీ కమాండ్, అంటే ఫిరంగుల ఉపదళానికి నాయకత్వం వహించే కాలం, పూర్తి కాకముందు మాత్రం వద్దు.

ఎందుకంటే, లెఫ్టినెంట్ కర్నల్ వరకు పదోన్నతి సర్వీసు కాలాన్ని బట్టి, అంటే 13 ఏళ్లకు వస్తుంది. అక్కడి నుంచి కర్నల్ కావాలంటే నంబర్ 3 సెలక్షన్ బోర్డు దాటాలి. ఆ బోర్డు మొట్టమొదట చూసేది, జవాన్లను స్వయంగా నడిపించిన కాలంలో మీకు వచ్చిన రహస్య నివేదికలనే. మరో దళంలో మీరు ఎంత గొప్పగా పనిచేసినా అది స్టాఫ్ ఉద్యోగం (కార్యాలయంలో ఉండి చేసే పని) కిందికే వస్తుంది, కమాండ్ లోటును అది పూడ్చదు. అదీకాక, సొంత దళంలో పని నేర్చుకోని అధికారి వల్ల ఎదుటి దళానికి కూడా ప్రయోజనం ఉండదు. తరువాతి కాలంలో వ్యోమగామిగా పేరు పొందిన జాన్ గ్లెన్ అమెరికా మెరైన్ కోర్ అధికారి. కొరియా యుద్ధంలో ఆయన ముందు మెరైన్ స్క్వాడ్రన్‌లో పాంథర్ జెట్‌పై 63 సార్లు యుద్ధానికి వెళ్లి, ఆ తరువాతే మార్పిడిపై అమెరికా వైమానిక దళానికి వెళ్లాడు. అక్కడ సేబర్ విమానంతో 1953 జులైలో మూడు మిగ్-15లను కూల్చాడు. ఆయన వెళ్లేనాటికే ఆరితేరిన పైలట్ కాబట్టి వాళ్లు వెంటనే పనిలోకి దించగలిగారు.

రెండవది ఏసీఆర్, అంటే ఏటా పైఅధికారులు రాసే ఆ రహస్య నివేదిక విషయం. నివేదికను ఎవరు మొదలుపెడతారు, ఎవరు సమీక్షిస్తారు, ఆ వరుసలో ఆర్మీ అధికారి ఎక్కడైనా ఉన్నాడా అన్నది వెళ్లకముందే తేల్చుకోండి. మన ఫారంలో మార్కులు తొమ్మిదికి వేస్తారు. మీ పనిని నిజంగా మెచ్చుకున్న నౌకాదళ అధికారికి ఎనిమిది ఉదారమైన మార్కుగానే తోచవచ్చు గానీ, గట్టి పోటీ ఉన్న మన బోర్డు ముందు ఆ ఎనిమిది ఎలా కనబడుతుందో ఆయనకు ఎవరైనా చెబితే తప్ప తెలియదు. నా తోటి అధికారి ఒకరికి రాసినవారికీ సమీక్షించినవారికీ ఇద్దరికీ ఆర్మీ ఫారంతో పరిచయం లేకపోవడం వల్ల మంచి నివేదికే చప్పగా తయారైంది. దాన్ని సరిదిద్దించుకోవడానికి ఆయన చాలాకాలం కాగితాలు నడపవలసి వచ్చింది. చేరిన మొదటి వారంలోనే ఈ సంగతి మర్యాదగా మాట్లాడుకోవడంలో తప్పేమీ లేదు.

ఇక పని విషయానికి వస్తే, వైమానిక స్థావరంలో నా బాధ్యత ఒక్క మాటలో చెప్పాలంటే, నేల మీద ఏం జరుగుతోందో పైలట్లకు వివరించడం. సైనికుడు కొండను కింది నుంచి చూస్తాడు కనుక అతనికి శిఖరం, దాని కింద రాతి అంచు, అంచు పక్కన బంకర్ అన్న వరుసలో లక్ష్యం కనబడుతుంది. పైనుంచి వేగంగా వచ్చే పైలట్‌కు ఆ వరుస ఉండదు, అతనికి కనబడేదల్లా నీడలూ మంచూ రాళ్లూ కలిసిపోయిన మచ్చలే. నేను మ్యాప్ పరిచి భూమి స్వరూపమంతా వర్ణించబోతే ఒక స్క్వాడ్రన్ లీడర్ ఆపి, "మీవాళ్లు శత్రువుకు ఎంత దూరంలో ఉన్నారో, ఆ వరుస ఏ దిక్కుగా సాగుతోందో ముందు చెప్పండి" అన్నాడు. బాంబు గురి తప్పితే సాధారణంగా విమానం వచ్చే దారి వెంబడే కాస్త ముందో వెనకో పడుతుంది. అందుకని వీలైనంతవరకు మనవాళ్ల వరుసకు సమాంతరంగా దాడి దిక్కును ఎంచుకుంటారు, మనవాళ్ల తలల మీదుగా ఎంచుకోరు. 1999 మే 26న కార్గిల్‌లో వైమానిక దాడులు మొదలైనప్పుడు నియంత్రణ రేఖ దాటకూడదన్న ఆంక్ష ఎందుకంత ఇబ్బంది పెట్టిందో నాకు పూర్తిగా అర్థమైంది పైలట్లకు వివరించే ఆ గదిలోనే. దాడి దిక్కును స్వేచ్ఛగా ఎంచుకునే వీలు లేకపోతే, ఎంత మంచి విమానమున్నా పైలట్ చేతులు సగం కట్టేసినట్టే.

అక్కడ మనసుకు పట్టిన మరో తేడా ఏమిటంటే, ఆర్మీలో అధికారి జవాన్ల ముందు నడుస్తాడు, వాయుసేనలో విమానాన్ని సిద్ధం చేసే సిబ్బంది నేల మీద ఉండిపోగా అధికారి ఒక్కడే ఎగురుతాడు. అందువల్ల వాళ్ల బ్రీఫింగ్‌లో సాంకేతిక వివరాలపై ఉండే పట్టుదల మొదట్లో మనకు చాదస్తంగా అనిపిస్తుంది. ఎగిరి వచ్చాక జరిగే చర్చలో హోదా చూడకుండా తప్పును తప్పని చెప్పే అలవాటు మాత్రం మనం నిస్సంకోచంగా అరువు తెచ్చుకోదగినది.

నౌకాదళంలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది ఓడలోకి సామాను ఎక్కించే క్రమం. తీరంలో మొదట దిగవలసిన వాహనం ఓడలోకి చివర ఎక్కాలి, ఇంతవరకు ఎవరికైనా తట్టేదే. కానీ ఓడ సమతూకం కోసం బరువు ఎక్కడెక్కడ ఉండాలో నిర్ణయించేది ఓడ కెప్టెన్. గన్నులు ముందు దిగాలని మేము పట్టుబడితే, ఆ బరువు అక్కడ పెడితే ఓడ ఒరుగుతుందని ఆయన అంటాడు. ఆ వాదన కాగితం మీద గీతలు గీసి, వాహనాల బరువులు కూడి తేల్చుకోవలసిందే. దిగే సమయమూ మన చేతిలో ఉండదు, తీరం వాలూ ఆటుపోట్లూ కలిసి ఒక చిన్న వ్యవధి ఇస్తాయి. తెల్లవారుజామున దాడి చేయడం మనకు అలవాటు కనుక మేము ఆ వేళే అడిగాం, ఆ రోజు ఆ వేళకు నీరు లేదని ఒక యువ లెఫ్టినెంట్ కమాండర్ పట్టిక చూపించాడు. మీతో సమాన హోదాలో ఉండే అధికారి అతనే, మీరు ఎక్కువగా మాట్లాడవలసింది కూడా అతనితోనే.

మీకు మాకన్నా అనుకూలమైన కాలం వచ్చింది. 2001లో అండమాన్ నికోబార్ కమాండ్ ఏర్పడినా, చాలాకాలం వరకు ఒక దళం అధికారికి మరో దళం సిబ్బందిపై క్రమశిక్షణ అధికారం లేదు. ఆర్మీ, వాయుసేనలకు 1950 నాటి చట్టాలు, నౌకాదళానికి 1957 నాటి చట్టం వేర్వేరుగా ఉండటంతో, తప్పు చేసినవాడిని తిరిగి అతని దళానికి పంపవలసి వచ్చేది. 2023లో వచ్చిన అంతర దళ సంస్థల చట్టం, వేర్వేరు దళాలవారు కలిసి పనిచేసే అలాంటి సంస్థల అధిపతులకు మూడు దళాల సిబ్బందిపైనా ఆ అధికారం ఇచ్చింది, అది 2024 మే నుంచి అమలులో ఉంది. క్షిపణులు, డ్రోన్లు, రాడార్ల వంటి ఉమ్మడి పరికరాలున్న యూనిట్లకు మేజర్, లెఫ్టినెంట్ కర్నల్ స్థాయి అధికారులను మార్చి పంపడం కూడా 2023లోనే పెద్ద ఎత్తున మొదలైంది.

జీతం గురించి బెంగ వద్దు, అది మామూలుగానే పూణేలోని మన అకౌంట్స్ కార్యాలయం నుంచి వస్తుంది. ప్రయాణ బిల్లులతోనే చికాకు, ఎందుకంటే అక్కడి గుమాస్తాకు మన ఫారాలు తెలియవు. దగ్గరలోని ఆర్మీ యూనిట్‌తో ముందే పరిచయం పెట్టుకోండి. అదేవిధంగా మూడు దళాలవారూ కలిసి చదివే ఖడక్‌వాస్లా డిఫెన్స్ అకాడమీలోనో వెల్లింగ్టన్ స్టాఫ్ కాలేజీలోనో మీతో చదివిన కోర్స్‌మేట్లు అక్కడ ఎవరున్నారో కనుక్కోండి. ఉత్తరం పక్షం రోజుల్లో చేయలేని పని వాళ్ల ఫోను సాయంత్రానికల్లా చేసిపెడుతుంది.

చివరగా, వచ్చిన పోస్టింగ్‌లో మీ కుర్చీకి రాతపూర్వకమైన విధుల జాబితా ఉందో లేదో అడగండి. సమావేశాల్లో ఆర్మీ తరఫున కూర్చోవడమే పని అయితే, ఆ కాలం మీ నివేదికలో రెండు వాక్యాలకు మించి రాదు. బ్యాటరీ కమాండ్ ఇంకా మిగిలి ఉంటే ఆ సంగతి మీ కమాండింగ్ ఆఫీసర్ ద్వారా అధికారుల పోస్టింగులు చూసే మిలిటరీ సెక్రటరీ శాఖకు రాసి వాయిదా కోరండి. ఎప్పటికి ఖాళీ అవుతారో కూడా ఆ ఉత్తరంలోనే తెలియజేయండి, అప్పుడు దాన్ని నిరాకరణగా కాక తేదీ మార్పుగా తీసుకునే అవకాశం ఎక్కువ.