నాన్న మారుతి విప్పే ముందు

అమ్మా సుధా,

మూడేళ్లుగా ముసుగేసి ఉంచిన మీ నాన్న మారుతి 800ని నువ్వే విప్పి బాగుచేసుకుంటానన్నావని మీ పెద్దమ్మ చెప్పింది. విన్నప్పటి నుంచీ ఓ పక్క సంబరం, ఓ పక్క గుబులు. నిద్ర పట్టక లేచి కూర్చుని రాస్తున్నా.

గుబులు జాకీ గురించి. కారుతో వచ్చిన జాకీ చక్రం మార్చడానికే. దాని మీద నిలబెట్టిన కారు కింద తల కాదు, చెయ్యి కూడా పెట్టకు. ఇటుకలు పేర్చుకుంటే చాలంటారు ఎవరో ఒకరు, వినకు. ఇటుక పగిలేటప్పుడు ముందు చెప్పదు. ఎత్తిన కారు ఆనించడానికి రెండు టన్నుల స్టాండ్లు ఒక జత నేనే పంపాను, అవే వాడు. ఈ బండికి ఇంజిన్ తిప్పేది ముందు చక్రాల్ని, హ్యాండ్ బ్రేక్ పట్టేది వెనక చక్రాల్ని. ముందు భాగం ఎత్తితే గేరు పనికిరాదు, వెనక భాగం ఎత్తితే హ్యాండ్ బ్రేక్ పనికిరాదు. అందుకే రెండూ వేసి, నేల మీదున్న చక్రాలకి ముందూ వెనకా చెక్క ముక్కలు దట్టించి, అప్పుడు ఎత్తు. స్టాండు పెట్టే చోట రేకుని స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడు. కాకినాడ ఉప్పుగాలికి పైన రంగు మెరుస్తున్నా లోపల రేకు పొట్టులా రాలిపోతుంది. విప్పిన చక్రాన్ని కారు అంచు కింద పడుకోబెట్టు, స్టాండు జారినా దాని మీద ఆగుతుంది. ఇంట్లో ఎవరూ లేనప్పుడు కిందకి దూరనని నాకు మాటివ్వాలి.

బ్యాటరీ తీసేటప్పుడు నెగెటివ్ తీగ ముందు, బిగించేటప్పుడు చివర. ఆయిలూ ఫిల్టరూ మార్చు. 20డబ్ల్యు-40 రకం పోసి, గేజి, అంటే ఆయిల్ మట్టం చూసే పుల్ల, తీసి చూసుకో. బ్రేక్ ఆయిల్ డాట్ 3 రకం, పాతదంతా తీసెయ్. టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్చారో నీకు తెలీదు కాబట్టి మార్చెయ్. ఆర్‌సీకి పదిహేనేళ్లు దాటాక ఐదేళ్లకోసారి రెన్యువల్ ఉంటుంది, తేదీ చూసుకో.

వెంటనే సెల్ఫ్ కొట్టకు. మూడు ప్లగ్గులూ తీసి, ఒక్కో సిలిండర్‌లో చెంచాడు ఇంజిన్ ఆయిల్ పోసి, ఒక రాత్రి వదిలెయ్. మర్నాడు టాప్ గేరులో వేసి కారుని మెల్లగా ముందుకి తోస్తే ఇంజిన్ తిరుగుతుంది. పట్టేసినట్టుంటే బలవంతం చెయ్యకు, నాకు ఫోన్ చెయ్యి. ట్యాంకులో పాత పెట్రోలంతా దించెయ్. కార్బొరేటర్ జెట్లని, అంటే పెట్రోలు వచ్చే సన్న రంధ్రాల్ని, క్లీనర్ స్ప్రేతో, గాలితో శుభ్రం చెయ్యి. పిన్నీసు పెట్టి పొడిస్తే రంధ్రం పెద్దదై బండి పెట్రోలు తాగుతుంది. ఇప్పుడు బంకుల్లో దొరికేది ఇథనాల్ కలిపిన పెట్రోలు. ముప్పై ఏళ్ల నాటి రబ్బరు పైపులు దానికి ఉబ్బి, పగుళ్లిస్తాయి. ట్యాంకు దగ్గర్నుంచి కార్బొరేటర్ దాకా ప్రతి రబ్బరు పైపూ, క్లిప్పులతో సహా, ఇథనాల్ తట్టుకునే రకంతో మార్చు. బానెట్ ఎత్తగానే పెట్రోలు వాసనొస్తే ఆ రోజు తాళం తిప్పకు.

ఇక అసలు సంగతి. ఈ బండికి ఒకసారి హెడ్డు, అంటే సిలిండర్ల మీద మూతలా బిగించే భాగం, పోయింది. ఆ పొరపాటు నాదే.

వేసవిలో ఇంజిన్ వేడి చూపించే ముల్లు పైకి పోతోందని మీ నాన్న అంటే, థర్మోస్టాట్ పీకేశాను. ఇంజిన్ వేడెక్కాకే నీళ్లని రేడియేటర్‌లోకి వదిలే కవాటం అది. చాలా షెడ్లలో అదే చేస్తారు. ముల్లు దిగింది, మీ నాన్న సంతోషించాడు. కానీ జబ్బు రేడియేటర్‌లో ఉంది. ఏళ్ల తరబడి బోరు నీళ్లు పోయడంతో సన్నటి గొట్టాల్లో సున్నం పేరుకుపోయింది. థర్మోస్టాట్ లేకపోవడంతో చదును రోడ్డు మీద ఇంజిన్ అసలు వేడెక్కేదే కాదు, అందుకని ఆ సంగతి బయటపడలేదు. అన్నవరం కొండ ఎక్కేటప్పుడు, మే నెలలో, ఐదుగురితో, రెండో గేరులో బయటపడింది. ఆవిరి కొట్టింది. ఆపి, కాలుతున్న ఇంజిన్‌లో బిందె చన్నీళ్లు పోశాం. హెడ్డు అల్యూమినియం, కింద బ్లాకు పోత ఇనుము. వేడికి రెండూ ఒకేలా సాగవు, హఠాత్తుగా చల్లారిస్తే హెడ్డు వంగుతుంది. వంగింది. రెంటి మధ్యా ఉండే గ్యాస్కెట్ కాలి నీళ్లు ఆయిల్లోకి దిగాయి. గేజి తీస్తే పాలెక్కువైన టీ రంగు.

అంతకంటే పెద్ద తప్పు ఆ తర్వాత చేశాను. హెడ్డు చదును చూడకుండా కొత్త గ్యాస్కెట్ వేసి బిగించాను. నెల తిరక్కుండా అదీ పోయింది. మీ నాన్న ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేదనిపిస్తుంది ఇప్పటికీ.

కాబట్టి నువ్వు మొదట చూడాల్సింది నీళ్ల దారి. రేడియేటర్ మూత చల్లగా ఉన్నప్పుడే తియ్యి, ఎంత తొందరున్నా. కింది గొట్టం నుంచి పైకి, తిరగేసి నీళ్లు కొట్టు, తేటగా వచ్చేదాకా. తర్వాత ఇంజిన్ కాసేపు నడిపి ఆపి, ఫ్యాన్ కనెక్టర్ పీకి, రేడియేటర్ మీద అరచెయ్యి దగ్గరగా ఆడించు. ఒక చోట వేడి, ఒక చోట చల్లదనం తగిలితే ఆ చల్లటి చోట గొట్టాలు మూసుకుపోయినట్టే. రేడియేటర్ పని చేసేవాళ్లకి ఇవ్వక తప్పదు. థర్మోస్టాట్ ఉందో లేదో పైగొట్టం బిగించిన చోట విప్పి చూడు. ఉంటే పాత గిన్నెలో నీళ్లు పోసి, అడుగు తగలకుండా దారానికి వేలాడదీసి, థర్మామీటర్ పెట్టి కాచు. 82 డిగ్రీల దగ్గర్లో తెరుచుకోవడం మొదలవ్వాలి, నీళ్లు మరిగేలోపు బాగా విచ్చుకోవాలి. ఫ్యాన్ తనంతట తాను తిరగకపోతే నేరుగా బ్యాటరీ ఇచ్చి చూడు: తిరిగితే తప్పు స్విచ్చులోనో తీగలోనో ఉంది, తిరక్కపోతే మోటారులో. బోరు నీళ్లు వద్దు, ముందే నీళ్లు కలిపి అమ్మే కూలెంట్ నాలుగు లీటర్లు తెచ్చుకో. మూత తీసే ఉంచి ఇంజిన్ నడుపుతూ కొద్దికొద్దిగా పొయ్యి. పైగొట్టం ఒక్కసారిగా వేడెక్కితే థర్మోస్టాట్ తెరుచుకుందని గుర్తు, గాలి బుడగలు పోయాక మూత పెట్టు.

దారిలో ముల్లు ఎక్కితే పక్కకి ఆపి, ఇంజిన్ కట్టేసి, అరగంటో గంటో కూర్చో. నీళ్లు పొయ్యకు.

ఒకవేళ హెడ్డు విప్పాల్సి వస్తే, ఉక్కు స్కేలు నిలువునా, అడ్డంగా, మూల నుంచి ఎదురు మూలకి రెండు వైపులా ఆనించి, కింద ఫిల్లర్ గేజి (సన్నటి సందులు కొలిచే రేకుల కట్ట) రేకు దూర్చి చూడు. 0.05 మిల్లీమీటర్ల రేకు దూరిందా, లేత్ షాపుకి పంపాల్సిందే. బోల్టులు బిగించేది మధ్య నుంచి బయటికి, మూడు విడతల్లో, బిగువు కొలిచే టార్క్ రెంచితో.

నా ఫిల్లర్ గేజి ఆర్టీసీ కార్గోలో వేశాను, స్టాండ్లు కూడా దాంతోనే వస్తాయి. గేజిలో అన్నిటికంటే పల్చటి రేకు అంచు కాస్త మడత పడింది. మెల్లగా నొక్కి సరిచేసుకుని వాడమ్మా.

మీ పెదనాన్న
రాజమండ్రి