కీచురాళ్ల పొడా, కందిపప్పా?

ప్రశ్న: మా అబ్బాయి జిమ్‌కి వెళ్తాడు. పప్పుకన్నా కీచురాళ్ల పొడిలో ప్రోటీన్ ఎక్కువట, తెప్పిస్తానంటున్నాడు. వాడికి రొయ్యలు తింటే దద్దుర్లొస్తాయి. టెన్షన్‌గా ఉంది.
– ఒక తల్లి, మారతహళ్లి, బెంగళూరు

జవాబు: ముందు ఆ దద్దుర్ల సంగతి, అమ్మా. రొయ్యల్లో ఉండే ట్రోపోమయోసిన్ అనే ప్రోటీన్ కీచురాళ్లలోనూ ఉంటుంది. రొయ్యలు పడనివాళ్లకు ఇవీ పడకపోవచ్చు. మీవాణ్ని ఆ పొడి జోలికే వెళ్లనివ్వకండి.

పురుగులంటే నాకు ఏవగింపు లేదు. అనంతపురం దగ్గర మా ఊళ్లో తొలివానకి ఉసిళ్లు లేచేవి. మా అవ్వ దీపం కింద నీళ్ల పళ్లెం పెట్టి పట్టేది. ఎండబెట్టి చేటలో చెరిగితే రెక్కలన్నీ ఎగిరిపోయేవి. మూకుట్లో వేయించి బొరుగుల్లో కలిపి పెడితే గుప్పిళ్లకొద్దీ తినేవాళ్లం.

100 గ్రాముల పొడిలో సుమారు 60 గ్రాముల ప్రోటీన్ ఉంటుంది, నిజమే. కందిపప్పులో 22, సోయాచిక్కుడులో 36 దాకా. కానీ అది నీరంతా తీసేసిన పొడి. పచ్చి కీచురాళ్లలో ప్రోటీన్ 20 గ్రాముల దగ్గరే! ప్రోటీన్‌కి ఇటుకల్లాంటివి అమైనో ఆమ్లాలు. వాటిలో పప్పులో తగ్గే మెథియోనిన్‌ని అన్నం ఇస్తుంది, అన్నంలో తగ్గే లైసిన్‌ని పప్పు ఇస్తుంది. పురుగుల్లో ఉండి పప్పులో లేనిది బి12 విటమిన్. అది పాలు, పెరుగు, గుడ్లలో దొరుకుతుంది.

చలికాలంలో మీ మార్కెట్లకు అనపకాయలు (చిక్కుడు జాతివి) గుట్టలుగా వస్తాయి. గింజలు ఒలిచి కూర చేసి పెట్టండి.