తప్పు చేసినవాణ్ని క్షమించామంటే క్రైస్తవ సంఘంలో (చర్చిలో) అతని పాత బాధ్యత కూడా తిరిగి ఇచ్చేయాలా?

అక్కర్లేదు, క్షమాపణకు ఆలస్యం ఉండకూడదు గానీ, బాధ్యత మాత్రం నమ్మకం మళ్లీ కుదిరాకే.

క్షమించడమంటే పగ తీర్చుకునే హక్కు వదులుకోవడం. బైబిల్లో మత్తయి సువార్త 18వ అధ్యాయంలో యేసు చెప్పిన కథలో, పదివేల తలాంతుల (తలాంతు అంటే చాలా పెద్ద మొత్తం) అప్పు మాఫీ అయిన దాసుడు, తనకు నూరు దేనారాలు బాకీ ఉన్నవాడి గొంతు పట్టుకుంటాడు. దేనారం ఆనాడు ఒక రోజు కూలి. నూరు రోజుల కూలి చిన్న బాకీ కాదు, అయినా తనకు మాఫీ అయినదాని ముందు లెక్కలోకి రాదు. దీనమనసు లేనిదే క్షమాపణ రాదనేది ఇందుకే. పరిచర్య (సంఘంలో చేసే సేవ) బాధ్యత అలాంటిది కాదు, సంఘం నమ్మి అప్పగించేది.

కోశాధికారి కానుకల్లోంచి 5,000 రూపాయలు వాడుకున్నాడనుకోండి. అదే అధ్యాయం 15-17 వచనాల ప్రకారం ముందు ఒంటరిగా మాట్లాడాలి. వినకపోతే ఒకరిద్దరిని వెంటబెట్టుకెళ్లాలి. అప్పటికీ వినకపోతేనే సంఘానికి చెప్పాలి. చాలాచోట్ల మొదటి మెట్టు దాటేసి, విషయాన్ని ప్రార్థన మనవిలా నలుగురి చెవిన వేస్తారు. సంఘాలు చీలేది అక్కడే. అతను ఒప్పుకుంటే మనసారా క్షమించండి, డబ్బు తిరిగి కట్టించుకోండి. లూకా సువార్తలోని సుంకరి (పన్ను వసూలుదారు) జక్కయ్య, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు ఇస్తానన్నాడు కదా! కానుకల పెట్టె తాళం మాత్రం వేరొకరికివ్వండి, లెక్క ఇద్దరు కలిసి చూడాలి.

'లెక్క అడిగితే క్షమించనట్టే' అనుకోవడం పొరపాటు. లూకా 17:3లో గద్దించమన్నదీ, మారుమనస్సు పొందితే క్షమించమన్నదీ ఒకే వచనం.