పెర్ఫార్మెన్స్ ఆర్ట్ కోసం పెయింటింగ్ డిగ్రీ మానేయాలా?

ప్రశ్న: మా అమ్మాయి బీఎఫ్ఏ పెయింటింగ్ రెండో సంవత్సరం చదువుతోంది. పెర్ఫార్మెన్స్ కళాకారిణి మరీనా అబ్రమోవిచ్ వీడియోలు చూసినప్పటి నుంచి కుంచె ముట్టడం లేదు. కాలేజీ మానేసి పెర్ఫార్మెన్స్ ఆర్ట్ (జనం ముందు తన శరీరంతోనే చేసి చూపించే కళ) చేస్తానంటోంది. ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది. ఏం చెప్పి ఒప్పించాలి?
– ఒక తండ్రి, వరంగల్

జవాబు: చదువు మానేయొద్దనే నా సలహా. అలాగని ఆమె ఇష్టాన్ని పిచ్చి అని కొట్టిపారేయకండి. అబ్రమోవిచ్ గురించే మాట్లాడండి, కానీ ఆ వీడియోలకు ముందు కాలం గురించి.

అబ్రమోవిచ్ 1965 నుంచి 1970 వరకు తన సొంత ఊరు, ఇప్పటి సెర్బియా రాజధాని బెల్‌గ్రేడ్‌లోని లలిత కళల అకాడమీలో చదివింది పెయింటింగే. ఆ తర్వాత 1972 వరకు జాగ్రెబ్‌లో పై చదువు. మొదట్లో లారీ ప్రమాదాలను వరసగా బొమ్మలు వేశారు. తర్వాత మనసు మేఘాల మీదికి మళ్లింది. 1971లో బెల్‌గ్రేడ్ విద్యార్థి సాంస్కృతిక కేంద్రంలో జరిగిన ప్రదర్శనలో ఒక వేరుశనక్కాయను గోడకు గుచ్చి, దానికి 'మేఘం, దాని నీడ' అని అర్థం వచ్చే పేరు పెట్టారు. ఈ పని నాకు చాలా ఇష్టం. కాన్వాస్ లేదు, రంగు లేదు. కానీ వెలుగునీ నీడనీ ఏళ్ల తరబడి గమనించిన కన్ను అందులో ఉంది. 'రిథమ్ 10' అనే ప్రదర్శనతో తన శరీరాన్నే కళగా మార్చుకున్నది 1973లో. అంటే పెయింటింగ్‌ను మధ్యలో వదిలేసి రాలేదు, దాని చివరిదాకా నడిచి అవతలికి వెళ్లారు. మీ అమ్మాయికి చెప్పాల్సింది ఇదే.

ఇంకో సంగతి. ఆ రోజుల్లో అబ్రమోవిచ్ రాత్రి 10 గంటలకల్లా ఇంటికి చేరాలన్నది వాళ్లమ్మ పెట్టిన నియమం. సొంత ఊళ్లో ప్రదర్శనలన్నీ ఆలోపే ముగించుకునేవారు. కాబట్టి మీరు హద్దులు పెట్టినంత మాత్రాన ఆమె కళ ఆగిపోదు. ఒక హద్దు మాత్రం గట్టిగా పెట్టండి: కత్తులు, నిప్పు, ఊపిరి బిగబట్టడం లాంటివి అనుకరించకూడదు. 1974లో 'రిథమ్ 5' చేస్తూ అబ్రమోవిచ్ మంటల మధ్య స్పృహ తప్పిపోయారు. చూస్తున్నవాళ్లు బయటికి లాగారు కాబట్టి బతికారు.

ఇక చదువు. బీఎఫ్ఏ నాలుగేళ్లు. అది పూర్తయితేనే ఎంఎఫ్ఏకి (ఫైన్ ఆర్ట్స్ పీజీ), ఆ తర్వాత నెట్ (లెక్చరర్ల జాతీయ అర్హత పరీక్ష) రాసి కాలేజీ టీచింగ్‌కి దారి ఉంటుంది. పెర్ఫార్మెన్స్‌లో నెలనెలా జీతం రాదు. డ్రాయింగ్ క్లాసులు, ఇలస్ట్రేషన్ పనులే కొన్నాళ్లు ఇల్లు నడుపుతాయి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ సరోజినీ నాయుడు స్కూల్‌లో ఫైన్ ఆర్ట్స్, థియేటర్, డ్యాన్స్ ఒకేచోట ఉన్నాయి. పీజీకి అది ఆమెకు సరిగ్గా సరిపోతుంది. బరోడాలో చదివిన పెర్ఫార్మెన్స్ కళాకారుడు నిఖిల్ చోప్రా పనులు కూడా చూడమనండి. ఆయన ప్రదర్శన మధ్యలోనే బొగ్గుతో పెద్దపెద్ద బొమ్మలు గీస్తారు. గోవాలో ఆయన, మిత్రులు కలిసి నడిపే హెచ్‌హెచ్ ఆర్ట్ స్పేసెస్ ఈ రంగంలోవాళ్లకు బాగా తెలిసిన చోటు.

ఈ సెలవుల్లో కాలేజీలోనే ఒక చిన్న ప్రదర్శన చేయనివ్వండి, మీరూ వెళ్లి చూడండి. ఫొటోలు, వీడియో, తేదీతో సహా దాచమనండి. పక్కనే ఈ రెండేళ్లలో వేసిన బొమ్మలనూ పెట్టమనండి. ఎంఎఫ్ఏ ఇంటర్వ్యూలో పోర్ట్‌ఫోలియోగా ఆ రెండూ పనికొస్తాయి.