కుక్క ఒంటి మీద గడ్డ: ఎన్నాళ్లు ఆగి చూడొచ్చు?

"మా ల్యాబ్రడార్ కుక్కకి తొమ్మిదేళ్లు. పక్కటెముకల మీద మెత్తటి గడ్డ తగిలింది. నొప్పి లేదు, తిండి మానలేదు. ఆగి చూడొచ్చా?" అని అడిగారు. అర్ధరాత్రి పరుగెత్తే పనైతే కాదు గానీ, ఈ వారంలో చూపించేయండి.

నొప్పి లేదు కదా అన్న ధైర్యం పెట్టుకోకండి. చెడ్డ గడ్డలు కూడా మొదట్లో చాలావరకు నొప్పెట్టవు. ముట్టుకుంటే వేడిగా ఉండి, కుక్క గుర్రుమంటే అది చీము గడ్డ అయ్యే అవకాశం ఎక్కువ.

మా ఇంట్లో ల్యాబ్రడార్‌కి కూడా ఛాతీ కింద నిమ్మకాయంత గడ్డ ఉండేది, వేళ్ల కింద అటూ ఇటూ జారేది. ఇంటికొచ్చిన చుట్టాలందరి భయమూ దాని గురించే. వెనక తొడ మీద శనగగింజంత ఎర్రటి బొడిపె ఇంకొకటి. ఓ వారం ఉబ్బేది, ఇంకో వారం తగ్గేది. తగ్గుతోందిగా, అదే పోతుందిలే అనేది మా అత్తయ్య. డాక్టరుగారు రెండింటికీ సూది పరీక్ష చేశారు. మత్తేమీ ఇవ్వలేదు. గడ్డని రెండు వేళ్ల మధ్య బిగించి, సన్న సూది గుచ్చి తీసి, సిరంజిలో గాలి నింపి ఆ వచ్చిన కాస్తనీ గాజు స్లైడ్ మీదకి ఊదారు. పెద్దదాంట్లోంచి వచ్చింది ఆరకుండా నూనెలా మెరుస్తూ ఉండిపోయింది. కొవ్వు గడ్డ. చిన్నదే మాస్ట్ సెల్ కణితి, అంటే ఒక రకం చర్మ క్యాన్సర్, అని తేలింది. ఆ కణాలు హిస్టమిన్ అనే వాపు తెచ్చే రసాయనం వదిలినప్పుడల్లా ఉబ్బుతుందట. చుట్టూ కాస్త మంచి చర్మం కూడా కలిపి కోసి తీసేశారు. కొవ్వు గడ్డ జోలికి ఎవరూ పోలేదు.

ఈ మాస్ట్ సెల్ కణితి ఒక్కోసారి అచ్చం కొవ్వులాగే మెత్తగా తగులుతుంది. అందుకని చేత్తో తడిమి "కొవ్వేలెండి" అని పంపించేస్తుంటే, సూది పరీక్ష చెయ్యమని మీరే అడగండి. ఈలోగా పిసకొద్దు. ఇంట్లో మిగిలిన స్టెరాయిడ్ మాత్రలు వేస్తే పరీక్షలో అసలు సంగతి బయటపడకపోవచ్చు. మనుషుల నొప్పి మాత్రలు కుక్కకి ప్రాణం మీదకి తెస్తాయి.

ఎప్పుడు ఆగకూడదంటే: గడ్డ సెంటీమీటరు దాటినా, నెల గడిచినా పోకపోయినా. రూపాయి బిళ్ల పక్కన పెట్టి ఫోటో తీస్తే పెరుగుతోందో లేదో తెలుస్తుంది. పుండుపడినా, దవడ కిందో మోకాళ్ల వెనకో రెండు వైపులా గడ్డలు తగిలినా వెంటనే వెళ్లాలి. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించని ఆడకుక్కకి చన్నుల దగ్గర చిన్న గింజంత తగిలినా అంతే. అన్నట్టు, మీకు తగిలింది పిడుదు కాదు కదా? మగకుక్కలకీ చన్నులుంటాయి, వాటిని చూసి కంగారుపడి వచ్చేవాళ్లున్నారు.

మీ ఊళ్లో కుదరకపోతే రాజేంద్రనగర్, గన్నవరం, తిరుపతి వెటర్నరీ కాలేజీల ఆసుపత్రులున్నాయి. బయల్దేరే ముందు గడ్డ దగ్గర మార్కర్‌తో గుర్తు పెట్టండి. బల్ల ఎక్కి కుక్క మెలికలు తిరుగుతుంటే బొచ్చులో అది ఓ పట్టాన దొరకదు.