కారు ఆయిల్ తాగేస్తోంది, షోరూం వాళ్ళు "మామూలే" అంటున్నారు

ప్రశ్న: లాయరుగారికి నమస్కారం. మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. రొయ్యల మేత షాపు ఉంది. పదకొండున్నర లక్షలు పెట్టి పెట్రోలు టర్బో కారు కొన్నాను. బండి షాపు పేరున ఉంది, వాడకం ఇంటికే. ఏడాదిగా ఇంజిన్ ఆయిల్ తగ్గిపోతోంది. కింద చుక్క కూడా కారడం లేదు. ఒకసారి పెళ్ళికని రాజోలు వెళ్తుంటే చించినాడ వంతెన మీద ఆయిల్ ఎర్రలైటు వెలిగింది. షోరూంకి ఎప్పుడు తీసుకెళ్ళినా ఆయిల్ పోసి, "వెయ్యి కిలోమీటర్లకి లీటరు దాకా మామూలేనండి" అని పంపేస్తున్నారు. ఇప్పుడేమో ఇంజిన్ విప్పి చూడాలి, విప్పే ఖర్చు మీదే అంటున్నారు. పైగా గతేడాది ఒక సర్వీసు మా ఊరి మెకానిక్ దగ్గర చేయించాను కాబట్టి వారంటీ చెల్లదట. వారంటీ ఇంకో నాలుగు నెలలే ఉంది. కొత్త కారు ఇమ్మని కేసు వెయ్యవచ్చా? మా బావగారు అమ్మేసి వదిలించుకోమంటున్నారు.

జవాబు: కేసు వేసే హక్కు మీకుంది. గెలవడానికి కావలసిన కాగితం మాత్రం, మీ ఉత్తరం చూస్తే, ఇంకా చేతికొచ్చినట్టు లేదు. ముందు దాని సంగతి చూద్దాం.

షోరూంకి వెళ్ళినప్పుడల్లా జాబ్ కార్డు, అంటే మీ ఫిర్యాదూ వాళ్ళు చేసిన పనీ రాసే కాగితం, తీసుకున్నారా? అందులో "ఆయిల్ తగ్గుతోంది" అని మీ ఫిర్యాదు రాశారా, లేక "జనరల్ చెకప్" అని రాసి వదిలేశారా? సర్వీస్ అడ్వైజర్ అండీ అంటూ మర్యాదగా మాట్లాడి టీ ఇప్పిస్తే, ఇక కాగితం అడగడానికి మన జిల్లాల వాళ్ళకి మొహమాటం. రేపు వినియోగదారుల కమిషన్ ముందు ఆ జనరల్ చెకప్ కార్డులే చూపించి, "వీరు ఆయిల్ గురించి ఎన్నడూ చెప్పలేదు" అని వాదిస్తారు. అందుకని ఈ వారంలోనే షోరూంకీ, కంపెనీ కస్టమర్ కేర్‌కీ కలిపి ఒక ఈమెయిల్ పెట్టండి. ఏ తేదీన, ఎన్ని కిలోమీటర్ల మీద, ఎంత ఆయిల్ పోశారో, ఎర్రలైటు ఎప్పుడు వెలిగిందో అందులో ఉండాలి. వారంటీ గడువు లోపల లిఖితంగా చెప్పిన లోపాన్ని, తాత్సారం చేసి గడువు దాటించి ఎగ్గొడతామంటే కుదరదు. నోటితో చెప్పిన మాటకు ఆ బలం లేదు. వాట్సాప్‌లో మాట్లాడుకున్నవి ఉంటే చెరపకండి. దాఖలు చేసేటప్పుడు, 2024 జూలై నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద, ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి కావలసిన సర్టిఫికెట్ జతచేస్తే సరిపోతుంది.

ఇక "లీటరు దాకా మామూలే" అన్న మాట. అది పూర్తిగా అబద్ధం కాదు. కొన్ని కంపెనీల మాన్యువల్లో వెయ్యి కిలోమీటర్లకి అర లీటరు, కొన్నింట్లో లీటరు వరకు పరిమితి అని రాసి ఉంటుంది. మీ బండి మాన్యువల్లో ఏముందో మీరే చదవండి. షోరూంని ఆ పరిమితి ఎంతో రాసిమ్మనండి, "ఆయిల్ కన్సంప్షన్ టెస్ట్" చెయ్యమని అడగండి. ఆయిల్ గేజి మీద పై గీత దాకా పోసి, డ్రెయిన్ బోల్టుకీ, పోసే మూతకీ, గేజికీ సీలు వేసి బండి మీకిస్తారు. వెయ్యో రెండు వేలో కిలోమీటర్లు తిరిగాక సీలు మీ ఎదురుగా తీసి, ఎంత తగ్గిందో కొలుస్తారు. మొదటి రోజూ చివరి రోజూ ఫొటోలు తీసుకోండి, రీడింగు జాబ్ కార్డు మీద రాయించండి. తగ్గింది పరిమితి దాటితే వాళ్ళ వాదన వాళ్ళ కాగితంతోనే పోతుంది. టెస్టు చెయ్యం అంటే ఆ తిరస్కారమే సేవాలోపానికి సాక్ష్యం. పరిమితి లోపలే ఉంటే? మీ కేసు బలహీనపడుతుంది, ఆ మాట ముందే చెప్పడం నయం. ఎర్రలైటు వెలిగిన సంగతి ఒక్కటీ మిగులుతుంది, దాన్ని మాత్రం మామూలు అనడం ఎవరికైనా కష్టమే.

కింద కారకుండా ఆయిల్ పోతోందంటే ఇంజిన్ లోపలే కాలిపోతోందని అర్థం. పిస్టన్ రింగులు పట్టేయడం, వాల్వ్ సీళ్ళు అరిగిపోవడం, టర్బో సీలు పోవడం, ఇందులో ఏదైనా కావచ్చు. వెనక నీలం పొగ వస్తుంటే వీడియో తీసి పెట్టుకోండి. కానీ ఊళ్ళో మెకానిక్ "బోరుకొచ్చిందండీ (సిలిండరు అరిగిందండీ), విప్పేద్దాం" అంటే ఎంత నమ్మకస్తుడైనా ఇంజిన్ మీద చెయ్యి వెయ్యనివ్వకండి. ఒకసారి బయట విప్పితే వారంటీతో పాటు సాక్ష్యం కూడా పోయినట్టే. షోరూం వాళ్ళు విప్పే ఖర్చు అడిగితే, "అభ్యంతరంతో చెల్లిస్తున్నాను, లోపం ఇంజిన్‌దే అని తేలితే తిరిగివ్వాలి" అని రాసి ఇచ్చి కట్టండి. తీసేసిన భాగాల ఫొటోలు అడగండి. బండి తిరిగి తీసుకునేటప్పుడు సంతృప్తి పత్రం మీద సంతకం పెట్టమంటారు. సంతకం పైన "ఆయిల్ సమస్య తీరిందీ లేనిదీ నడిపి చూడాలి" అని మీ చేత్తో రాయండి. ఈ ఒక్క వాక్యం లేక మునిగిపోయిన కేసులు చాలా ఉన్నాయి.

బయట సర్వీసు సంగతి మీరనుకున్నంత ప్రమాదం కాదు. వ్యాపారంలో పోటీ దెబ్బతినకుండా చూసే కాంపిటీషన్ కమిషన్ 2014 ఆగస్టులో పద్నాలుగు కార్ల కంపెనీల మీద ఇచ్చిన ఉత్తర్వులో, బయట రిపేరు చేయించినంత మాత్రాన వారంటీ మొత్తం రద్దు అనే షరతు పెట్టకూడదనీ, బయటి పని వల్ల జరిగిన నష్టం మేరకే నిరాకరించవచ్చనీ చెప్పింది. దాని మీద అప్పీళ్ళు నడిచాయి కాబట్టి అదే బ్రహ్మాస్త్రం అనుకోకండి. అయినా మీ ఊళ్ళో పోసిన ఆయిల్ మాన్యువల్లో చెప్పిన గ్రేడే అని చూపే బిల్లు ఉంటే, దానివల్లే రింగులు పోయాయని నిరూపించే భారం వాళ్ళ మీదకి నెట్టవచ్చు. బిల్లు లేకపోతే ఆ మెకానిక్ చేత చిన్న అఫిడవిట్ ఇప్పించండి. ఇంకో మాట. గోదావరి వరదలప్పుడు లంకల్లోనో, కాజ్‌వేల మీదో బండి నీళ్ళలో దించారా? "ఇంజిన్లోకి నీళ్ళు పోయాయి" అన్నది మన డెల్టాలో షోరూంలకి అలవాటైన సాకు. దించి ఉంటే మీ లాయరు దగ్గర దాచకండి.

బండి షాపు పేరున ఉందన్నారు. వ్యాపార ప్రయోజనానికి కొన్న వస్తువుకు వినియోగదారుల చట్టం వర్తించదని మొదటి అభ్యంతరం అక్కడే వస్తుంది. కానీ కొన్నదాని ప్రధాన ఉద్దేశం ఏమిటన్నదే చూడాలని సుప్రీంకోర్టు 2019లో చెప్పింది. కంపెనీ పేరున కొని డైరెక్టరు సొంతానికి వాడుకున్న కారు విషయంలో కూడా 2024లో వినియోగదారుడి పక్షానే తీర్పు వచ్చింది. మీది ఒక్కరి షాపు అయితే మీరూ షాపూ చట్టం దృష్టిలో ఒకటే, ప్రొప్రైటరుగా మీ పేరునే ఫిర్యాదు వెయ్యండి. ఆదాయపు పన్నులో కారు మీద తరుగుదల చూపించారేమో ఆడిటరుగారిని ముందే అడగండి, చూపిస్తే బండి వ్యాపారానికేనని ఎదుటి లాయరు ఎలాగూ వాదిస్తారు.

కొత్త కారు మీద ఆశ తగ్గించుకోండి. వారంటీ అంటే చెడిన భాగం మార్చడమే, బండి మొత్తం మార్చడం కాదని 2006లో మారుతి ఉద్యోగ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. తయారీలోనే లోపం ఉందని స్వతంత్ర నిపుణుడు చెబితే ధర వాపసు ఇప్పించవచ్చని తర్వాత ఫియట్ ఇండియా కేసులో అంది. కాబట్టి ఫిర్యాదులో మొదటి కోరిక ఇంజిన్‌ని ఉచితంగా బాగుచెయ్యాలని, అవసరమైతే మార్చాలని, ఆ పనికి కొత్తగా వారంటీ ఇవ్వాలని పెట్టండి. తర్వాత పరిహారం, ఖర్చులు. ధర వాపసు ప్రత్యామ్నాయంగా చివర్లో. పరీక్ష లేకుండా తేలని లోపమైతే వస్తువును ల్యాబుకు పంపే అధికారం వినియోగదారుల చట్టం 38వ సెక్షన్ కింద కమిషన్‌కి ఉంది, ఫిర్యాదుతో పాటే ఆ దరఖాస్తూ వెయ్యండి. షోరూం, కంపెనీ ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చండి. ఒకరినే చేరిస్తే తప్పు రెండోవారిదని చేతులు దులుపుకుంటారు.

షోరూం రాజమండ్రిలో ఉన్నా, 2019 వినియోగదారుల చట్టం ప్రకారం మీరు నివసించే చోటి జిల్లా కమిషన్‌లోనే వెయ్యవచ్చు. వస్తువుకి చెల్లించిన ధర యాభై లక్షల లోపు కాబట్టి అది జిల్లా కమిషన్ పరిధే. మీ ధరకి ఫీజు 400 రూపాయలు. ఆన్‌లైన్లో కూడా దాఖలు చెయ్యవచ్చు. అంతకు ముందు 1915కి ఫోన్ చేసి జాతీయ హెల్ప్‌లైన్‌లో నమోదు చేస్తే కొన్ని కంపెనీలు అక్కడే దిగివస్తాయి. గడువు రెండేళ్ళు, వాళ్ళు మొదట కాదన్న రోజు నుంచి లెక్కపెట్టుకోండి. ఉత్తరాలు రాస్తూ కూర్చుంటే గడువు పెరగదు. నోటీసు అందిన ప్రతివాదులకి జవాబుకు 30 రోజులు, మహా అయితే ఇంకో 15. ఆపైన ఒక్క రోజు కూడా ఇవ్వకూడదని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనమే 2020లో చెప్పింది. పరీక్ష అవసరమైన కేసు ఐదు నెలల్లో తేల్చాలని చట్టంలో ఉంది, వాస్తవంలో ఎక్కువే పడుతుంది.

బావగారి సలహా ఇప్పుడే పాటించకండి. బండి చేతిలో లేకపోతే నిపుణుడికి చూపించడానికి ఏమీ ఉండదు. కేసు తేలక ముందే అమ్మక తప్పదనుకుంటే కమిషన్ అనుమతి అడిగి, కొనేవారికి ఆయిల్ సంగతి రాతపూర్వకంగా చెప్పి అమ్మండి. ఈలోగా ప్రతి ఐదొందల కిలోమీటర్లకీ గేజి చూసుకుంటూ ఉండండి. ఆయిల్ లేకుండా నడిపి ఇంజిన్ పట్టేస్తే, అది మీ నిర్లక్ష్యమే అంటారు.