రాత్రి పదకొండు దాటాక వంటింట్లో

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. గుంటూరులో టీచర్‌గా పనిచేస్తున్నాను. ఇద్దరు పిల్లలు. రెండేళ్ల క్రితం అమ్మ పోయింది. అప్పుడు 64 కిలోలున్నదాన్ని, ఇప్పుడు 79. పగలంతా కడుపు మాడ్చుకుంటాను. పొద్దున కాఫీ, మధ్యాహ్నం రెండు పుల్కాలు, రాత్రికి రాగిజావ. కానీ పదకొండు దాటి అందరూ పడుకున్నాక ఆపుకోలేను. లైటు వేయకుండా, ఫ్రిజ్ వెలుగులో నిలబడి, మిక్స్చర్, స్వీట్లు, మిగిలిన అన్నం, ఏది దొరికితే అది తినేస్తాను. ఖాళీ కవర్లు చెత్తబుట్ట అడుగున దాచేస్తాను. తెల్లారితే నా మీద నాకే అసహ్యం. ‘నీకు కంట్రోల్ లేదు’ అంటారు మావారు. అత్తయ్య నలుగురిలో నా ఒళ్లు గురించి మాట్లాడతారు. మూడుసార్లు డైటింగ్ చేశాను. తగ్గినదానికన్నా ఎక్కువే పెరిగాను. అమ్మ ఉన్నప్పుడు రోజూ రాత్రి ఫోన్ చేసి ‘తిన్నావా?’ అని అడిగేది. ఇప్పుడు అడిగేవాళ్లు లేరు. మాఘమాసంలో తమ్ముడి పెళ్లి. బరువు తగ్గేదాకా కొత్త జాకెట్లు కుట్టించుకోకూడదని ఒట్టు పెట్టుకున్నాను. ఏం చేయను?

జవాబు: అమ్మా, ‘నిలబడి’ అన్న మాట దగ్గర చాలాసేపు ఆగిపోయాను. ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి వడ్డించే మీరు, మీ ఇంట్లోనే, మీ చేత్తో వండిన అన్నాన్ని చీకట్లో నిలబడి తింటున్నారు. నాకు బాధ కలిగింది.

ముందు మీ పగటి తిండి సంగతి చూద్దాం. కాఫీ, రెండు పుల్కాలు, జావ! రోజంతా క్లాసుల్లో నిలబడి పాఠాలు చెప్పే మనిషికి ఇది ఏ మూలకు సరిపోతుంది? 1944-45లో అమెరికాలోని మిన్నెసోటా యూనివర్సిటీలో 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు ఆరు నెలల పాటు బాగా తగ్గించి తిండి పెట్టారు. వాళ్లకు పగలూ రాత్రీ తిండి ధ్యాసే పట్టుకుంది. కొందరు వంటల పుస్తకాలు పోగుచేసుకుని చదివారు. ఆ ఆరు నెలలూ గడిచాక ఎంత తిన్నా ఆకలి తీరనివాళ్లున్నారు. ఎవరికీ కంట్రోల్ లేక కాదు, పస్తు పెడితే ఒళ్లు చేసే పనే అది. రాత్రి మీ చేత డబ్బా మూత తీయిస్తున్నది సగం పగటి ఆకలే. ఈ మాట మీవారికీ చదివి వినిపించండి.

అందుకని బరువు తగ్గే ఆలోచన ఒక నెల పక్కన పెట్టండి. పొద్దున టిఫిన్ తినండి. పెసరట్టు అయినా సరే, రెండు ఇడ్లీలూ ఒక గుడ్డూ అయినా సరే. మధ్యాహ్నం పప్పు, కూర, పెరుగుతో అన్నం తినండి. కంచంలో సగం కూరగాయలూ ఆకుకూరలూ ఉంటే మంచిదే. స్కూలు నుంచి రాగానే గుప్పెడు వేరుశనగలో, ఉడికించిన శనగలో తినండి. రాత్రి జావ ఒక్కటే తాగి పడుకోవద్దు. ముందు రాత్రి ఎంత తిన్నా సరే, మర్నాడు టిఫిన్ మాత్రం మానకండి. అక్కడే గొలుసు తెగాలి.

ఇలా చేసినా కొన్ని రాత్రులు చెయ్యి డబ్బా మీదికి వెళ్తుంది. అప్పుడు తినొద్దని నేను చెప్పను. లైటు వేయండి. కంచం తీసుకోండి. తినాలనుకున్నది అందులో పెట్టుకుని, డబ్బా మూత బిగించి లోపల పెట్టేసి, కూర్చుని తినండి. ఎవరైనా లేచి వస్తే రానివ్వండి. మీరేం దొంగతనం చేయడం లేదు. మొదటి రోజుల్లో సిగ్గుగానే ఉంటుంది. అయినా దాచుకోకుండా తిన్న తిండికి రుచి తెలుస్తుంది, చాలన్న సంగతీ తెలుస్తుంది.

రెండో సగం అమ్మ. ఆ ఫోన్ సంగతి ఉత్తరం చివర ఒక్క ముక్కలో రాసి వదిలేశారు. నాకు మాత్రం అసలు విషయం అదేననిపించింది. ‘తిన్నావా?’ అంటే మనవాళ్లలో బాగున్నావా, అలసిపోయావా, నిన్ను ఎవరైనా చూసుకుంటున్నారా అని. రెండేళ్లుగా ఆ మాట లేదు. ఆ వేళకే మీకు గుండెలో వెలితిగా ఉంటోంది. దాన్ని మిక్స్చర్‌తో నింపబోతున్నారు. అమ్మ పోయాక మనసారా ఏడ్చారా? కర్మకాండలు కాగానే స్కూలుకు వెళ్లిపోయి ఉంటారు. తమ్ముడికీ పోయింది అమ్మే. రోజూ రాత్రి పదింటికి మీరే ఫోన్ చేసి అతణ్ని అడగండి, తిన్నావా అని. పెళ్లి పనుల గురించే మాట్లాడుకున్నా ఫర్వాలేదు. అమ్మ ప్రస్తావన దానంతటదే వస్తుంది.

ఒకసారి డాక్టరు దగ్గరికి వెళ్లి థైరాయిడ్, షుగర్, బీపీ చూపించుకోండి. నెలసరి సరిగా రాకపోతే ఆ సంగతీ చెప్పండి. ఆపుకోలేకుండా తినడం వారానికి ఒక్కసారైనా ఉంటూ మూడు నెలలు దాటితే, దాన్ని చికిత్స చేయాల్సిన సమస్యగానే డాక్టర్లు చూస్తారు. మానసిక జబ్బులను గుర్తించడానికి వైద్యులు వాడే గ్రంథంలో 2013 నుంచి దానికి ‘బింజ్ ఈటింగ్ డిజార్డర్’ అని విడిగా పేరు కూడా ఉంది. కౌన్సెలింగ్‌తో చాలామందికి తగ్గుతుంది. తిన్నది కక్కేయాలనిపించినా, బతుకు మీద విరక్తిగా ఉన్నా ఆలస్యం చేయవద్దు. 14416కి ఫోన్ చేయండి. అది టెలి మానస్, ప్రభుత్వం నడిపే ఉచిత సేవ. తెలుగులోనే మాట్లాడతారు.

నెల తర్వాత రోజూ అరగంట నడక మొదలుపెట్టండి. అప్పుడు కూడా 64కి చేరాలని టెన్షన్ పడకండి. నాలుగు కిలోలు తగ్గినా షుగర్, బీపీలకు మేలే.

అత్తయ్యగారితో మీరు వాదించవద్దు. ‘నలుగురిలో నా భార్య ఒళ్లు గురించి మాట్లాడకమ్మా’ అని మీవారే ఆమెకు చెప్పాలి. ఆ పని ఆయనదే.

ఆ ఒట్టు మాత్రం గట్టు మీద పెట్టేయండి. రెండు జాకెట్ గుడ్డలు కొని ఈ వారమే టైలరుకివ్వండి, ఇప్పటి కొలతలతోనే.